కలివిపండ్ల మఫిన్లు

శనివారం బడి మధ్యాహ్నానికే ముగిసింది. పిల్లలందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. నయన మాత్రం ఇంటికి వెళ్లలేదు. పావగడ దగ్గరి తిరుమణి ఊరి బయట, సోలార్ పార్కు కంచె పక్కనున్న ఎండిపోయిన కాలువ గట్టున ఒంటరిగా నిలబడి ఉన్నది.

ఆమె చేతిలో ఒక స్టీలు డబ్బా ఉన్నది. ఉదయం ఇల్లు దాటాక దానిని సంచిలో నుంచి తీసి, రెండు చేతులతో పట్టుకొని, కుదుపు తగలకుండా బడికి తీసుకువెళ్లింది. ఇప్పుడు అది మోయలేనంత బరువుగా తోచింది. అందులోని మఫిన్లలో ఒక్కటి మాత్రమే తగ్గింది. ఆ ఒక్కదానిని కూడా ఎవరూ పూర్తిగా తినలేదు.

ఆకాశం నిండా మబ్బులున్నాయి. అవి వాన కురిపించే మబ్బులు కావు. ఆషాఢపు గాలి వాటిని తరుముకుంటూ పోతున్నది. కంచెకు అవతల సోలార్ పలకలు వరుసలు వరుసలుగా, ఆ మబ్బుల రంగులోనే, కనుచూపు మేర పరచుకొని ఉన్నాయి.

నయన అటూ ఇటూ చూసింది. మూత తీసి, డబ్బాను కాలువలోకి బోర్లించింది. మఫిన్లు రాళ్ల మీద పడి దొర్లాయి. ఒక కాకి వచ్చి ఒకదానిని ముక్కుతో పొడిచి చూసింది. తినకుండానే ఎగిరిపోయింది.

ఈ మఫిన్ల సంగతి అంతకు ముందు వారం మొదలైంది.

నయన ఐదవ తరగతి చదువుతున్నది. అదే తరగతిలో ధనుశ్రీ అనే అమ్మాయి ఉన్నది. ధనుశ్రీ వాళ్ల నాన్న సోలార్ పార్కులో సూపర్‌వైజరు. కూతురి పుట్టినరోజుకు ఆయన బెంగళూరు నుంచి ఒక పెద్ద అట్టపెట్టె తెప్పించాడు. పెట్టెలో, చిన్న చిన్న కాగితపు గిన్నెలలో, బ్లూబెర్రీ మఫిన్లు, అంటే పండ్లు వేసిన చిన్న కేకులు, ఉన్నాయి. పైన గోధుమరంగు, లోపల దూదివంటి మెత్తదనం, మధ్య మధ్య నల్లని నీలిరంగు పండ్లు. పిల్లలు ఎక్కువమంది కావడంతో టీచరు ఒక్కొక్క మఫిన్‌ను సగానికి కోసి పంచారు. నయనకు వచ్చిన సగంలో ఒకే ఒక పండు ఉన్నది. దానిని ఆమె చివరిదాకా దాచుకొని తిన్నది.

ఇటువంటి పండ్లు ఎక్కడ దొరుకుతాయని ఎవరో అడిగారు. ధనుశ్రీ గర్వపడకుండా, తనకు తెలిసిన సంగతి చెప్పినట్లుగానే చెప్పింది.

"ఇవి ఈడ దొరకవు. పావగడలో యాడ చూసినా రాళ్లే కదా."

నయనకు ఆ మాట నచ్చలేదు. "ఎందుకు దొరకవు? మా గుట్టలో కలివిపండ్లు ఉండాయి. అచ్చం ఇట్లే ఉంటాయి. వచ్చే శనివారం నేనే మఫిన్లు చేసుకొస్తా, చూడు," అన్నది.

వెనుక బెంచీలో కూర్చున్న మధుకుమార్ ఊరుకోలేదు. "మీ ఇంట్లో ఓవెన్ ఉండాదామ్మే? మీ అవ్వ సంగటి గెలికినట్ల గెలుకుతావా?" అన్నాడు.

తరగతి అంతా నవ్వింది. ఆ నవ్వు నయన చెవులలో చాలాసేపు ఉండిపోయింది. అప్పటికి ఆమెకు తెలియదు, అన్న మాటను నిలబెట్టుకోవడానికి ఏమి చేయవలసి వస్తుందో.

కలివిచెట్టు ముళ్లపొద. ఆషాఢం వచ్చేసరికి దాని కాయలు పండి నల్లబడతాయి. తీపీ పులుపూ కలిసిన రుచి. ఒకప్పుడు నయన వాళ్ల చేని గట్ల మీదనే కలివిపొదలు ఉండేవట. చేనును సోలార్ కంపెనీకి కౌలుకు ఇచ్చిన తరువాత యంత్రాలు వచ్చి గట్లను చదును చేశాయి. పొదలు పోయాయి. ఇప్పుడు ఆ పండ్లు కావాలంటే ఊరికి దూరంగా ఉన్న గుట్ట ఎక్కవలసిందే.

నయన వాళ్ల అవ్వ బోరమ్మ కొన్నాళ్లుగా ఆ గుట్ట ఎక్కి దిగుతున్నది. రోజుకు గుప్పెడు పండ్లు దొరికితే గొప్ప. చేతుల నిండా ముళ్ల గీతలు పడ్డాయి. తెచ్చిన పండ్లను ఒక పాత గుడ్డలో మూటగట్టి, వంటింటి దూలానికి ఉన్న కొక్కేనికి తగిలించేది. అవి తాత కోసం. పెద్దతిమ్మప్ప తాత నయన పుట్టకముందే చనిపోయాడు. ఆయనను సొంత చేనులోనే పూడ్చి, ఒక రాయి నిలబెట్టారు. ఆ రాయి ఇప్పుడు సోలార్ పలకల మధ్య ఉన్నది. ఏటా ఆయన పోయిన రోజున కంపెనీవారి అనుమతితో ఇంటివారు గేటు దాటి లోపలికి వెళ్లి, ఆయనకు ఇష్టమైన తిండిని ఆ రాయి ముందు పెట్టి వస్తారు. దానిని ఎడ పెట్టడం అంటారు. తాతకు కలివిపండ్లు ప్రాణం. ఆయనకు పెట్టేదాకా వాటిని ఇంట్లో ఎవరూ నోట పెట్టుకోకూడదని అవ్వ ముందే చెప్పింది.

ఈ ఏడు ఆ రోజు ఆదివారం నాడు వచ్చింది. నయన మాట ఇచ్చినది శనివారానికి.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ రత్న పార్కులో పలకలు కడిగే పనికి పోయింది. నాన్న ఓబులేశ్ అక్కడే కావలి పనిలో ఉన్నాడు. అవ్వ పక్కవీధిలోని పెద్దమ్మ ఇంటికి, విత్తనపు వేరుశనగకాయలు ఒలవడానికి వెళ్లింది. నయన కుర్చీ ఎక్కి మూటను అందుకున్నది. సగం తీసుకుంటే చాలునని అనుకున్నది. మిగిలిన సగం తాతకు సరిపోతుంది. తక్కువైతే అవ్వ మళ్లీ గుట్టకు వెళ్లి తెస్తుంది.

అమ్మ ఫోనులో ఒక వీడియో చూసి, మఫిన్లు చేసే పద్ధతిని ఆమె ముందే నేర్చుకున్నది. మైదాపిండిలో చక్కెర, పెరుగు, నూనె, ఒక గుడ్డు వేసి కలిపింది. ఓవెన్ లేదు కనుక పెద్ద దబరలో ఇసుక పోసి, పొయ్యి మీద పెట్టి, మూత వేసి కాచింది. చిన్న స్టీలు గిన్నెలకు నూనె రాసింది. పండ్లు అడుగుకు దిగిపోకుండా పొడి పిండిలో దొర్లించాలని వీడియోలో చెప్పారు. ఆమె అలాగే చేసింది.

పిండిలో సగం పండ్లు వేసి చూస్తే, అక్కడొకటి ఇక్కడొకటి కనిపించాయి. ధనుశ్రీ తెచ్చినవి ఇలా లేవు. నయన ఇంకొన్ని వేసింది. మళ్లీ ఇంకొన్ని. చివరికి గుడ్డలో మిగిలిన నాలుగు పండ్లను చూస్తే, ఆ నాలుగూ ఉంటే ఎంత, లేకుంటే ఎంత అనిపించింది. అవీ వేసేసింది.

వీడియోలో అరచెంచా బేకింగ్ పౌడరు వేయమన్నారు. ఇంట్లో బజ్జీలలో వేసే వంటసోడా మాత్రమే ఉన్నది. బాగా పొంగాలని దానిని రెండు చెంచాలు వేసింది.

మఫిన్లు నిజంగానే పొంగాయి. పైన పగుళ్లు వచ్చి, గోధుమరంగుకు తిరిగాయి. ఇల్లంతా కమ్మని వాసన వచ్చింది. నయన తలుపులు తెరిచి వాసన పోగొట్టింది, గిన్నెలు తోమింది, డబ్బాను పుస్తకాల సంచిలో పెట్టింది. పండ్ల గుడ్డకు ఊదారంగు మరకలు అంటుకొని ఉన్నాయి. ఖాళీ గుడ్డ కొక్కేనికి వేలాడితే వెంటనే తెలిసిపోతుంది. అందుకని దానిని కట్టెల గూట్లో, లోపలికి తోసి దాచింది.

మరునాడు బడిలో, వెలుతురులో, మొదటి మఫిన్‌ను విరిచినప్పుడు అందరూ ముందుకు వంగి చూశారు. ప్రతి పండు చుట్టూ ఆకుపచ్చని వలయం ఉన్నది. నీలం కాదు, ఎరుపు కాదు. తడిసిన రొట్టె మీద వచ్చే బూజు రంగు.

ధనుశ్రీ మెల్లగా అన్నది: "బూజు పట్టినట్ల ఉండాది, నయనా. నువ్వు కూడా తినొద్దులే."

సోడా ఎక్కువైతే ఇటువంటి పండ్ల రసం ఆకుపచ్చగా మారుతుందని వారిలో ఎవరికీ తెలియదు. అది బూజు కాదని చూపడానికి నయన ఒక ముక్కను నోట్లో పెట్టుకున్నది. సబ్బు నాకినట్లుగా ఉన్నది. మింగలేకపోయింది. ఈసారి మధుకుమార్ కూడా నవ్వలేదు. అందరూ తమ తమ బెంచీలకు వెళ్లిపోయారు. వాళ్లు నవ్వి ఉంటే బాగుండునని నయన అనుకున్నది.

ఖాళీ డబ్బాతో ఇంటికి చేరేసరికి, వంటింట్లోని పాత్రలన్నీ నేల మీదకు దిగి ఉన్నాయి. అవ్వ రాగుల కుండలోకి చేయిపెట్టి వెతుకుతున్నది. అమ్మ మంచం కింద చూస్తున్నది. కలివిపండ్ల మూట కనిపించడం లేదని అమ్మ చెప్పింది. ఎలుకలు తిని ఉంటే గుడ్డ అయినా మిగలాలి కదా అని కూడా అన్నది.

"కొక్కేనికే తగిలించినా," అన్నది అవ్వ. తరువాత నయన వైపు తిరిగింది. "పాపా, నువ్వు చూసినావా?"

"లేదవ్వా," అన్నది నయన.

మాట నోటినుంచి వచ్చిన తరువాత దానిని వెనక్కు తీసుకోవడానికి ఒక క్షణం వ్యవధి ఉన్నది. ఆ క్షణం గడిచిపోయింది. గుట్టకు పోయి మళ్లీ తెద్దామా అని మాత్రం అడిగింది. అవ్వ తల అడ్డంగా ఊపింది. నిన్నటి గాలికి పండ్లన్నీ రాలిపోయాయట. గుట్టలో ఇక ఏమీ లేవట.

సాయంత్రం నాన్న వచ్చాడు. సంగతి విన్నాడు. ఆయన కఠినమైన మనిషి కాడు. కాని కొంతకాలంగా ఆయనకు ఒక భయం పట్టుకొని ఉన్నది. పోయిన నెల అవ్వ అంగడికి వెళ్లి, పార్కు కంచె వెంట ఎటో నడిచిపోయింది. చీకటిపడ్డాక ఎవరో బండి మీద తెచ్చి దింపారు. పాత గుర్తులన్నీ పోయాయి, కంచె ఎక్కడ చూసినా ఒకేలాగ ఉంటే దారి ఎట్లా తెలుస్తుందని అవ్వ అడిగింది. ఆ తరువాత ఒకసారి పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. గిన్నె మాడిపోయింది. ఇప్పుడు ఈ మూట.

"అమ్మా," అన్నాడు నాన్న, నేలవైపు చూస్తూ. "రేపు నువ్వు రావద్దు. లోపల వరుసల్లో తప్పిపోతే ఎవురు జవాబు చెప్పల్ల? నా పనికే ఎసరు వస్తుంది. నేను పోయి ఎడ పెట్టొస్తా. ఇంక గుట్టకీ పోవద్దు, అంగడికీ పోవద్దు. ఇంట్లోనే ఉండు."

అవ్వ వాదిస్తుందని నయన అనుకున్నది. ఏ మాటనైనా తేలికగా ఒప్పుకునే మనిషి కాదు ఆమె. అవ్వ కొక్కెం వైపు చూసింది.

"తగిలించినట్లే ఉండాదే," అన్నది. కొంతసేపటికి, ఇంకా చిన్న గొంతుతో అన్నది: "నిజమేలే, ఓబులేసూ. నాకు మతి నిలవడంల్యా."

నాన్న లేచి బయటకు వెళ్లిపోయాడు. అమ్మ దించిన పాత్రలను ఒకటొకటిగా మళ్లీ సర్దింది.

అవ్వ అరుగు మీద కూర్చున్నది. నయన గడప దగ్గర నిలబడి చూసింది. అవ్వ పెదవులు కదులుతున్నాయి. ఆమె తన అక్కచెల్లెళ్ల పేర్లను వేళ్ల మీద చెప్పుకుంటున్నది. ఒక పేరు దగ్గర వేలు ఆగిపోయింది. ఆ వేలిని పట్టుకొని అట్లాగే కూర్చున్నది. పేరు గుర్తుకు వచ్చినదో లేదో నయనకు తెలియలేదు.

రేపు తాత రాయి దగ్గర కలివిపండ్లు ఉండవు. అది ఒక్కటే అయితే నయన ఎట్లాగో ఓర్చుకునేది. కాని తన అవ్వ తనను తానే నమ్మడం మానుకున్నది. దానికి కారణమైన గుడ్డ కట్టెల గూట్లో ఉన్నది. ఆ సంగతి ఈ ఇంట్లో ఒక్క నయనకే తెలుసు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. అమ్మ ఆమె నుదుటి మీద చేయిపెట్టి జ్వరం లేదని చెప్పింది.

ఆదివారం ఉదయం గాలి తగ్గలేదు. నాన్న స్నానం చేసి తెల్లచొక్కా వేసుకున్నాడు. అమ్మ రాగి సంగటిని, ఊరుబిండి పచ్చడిని గిన్నెలలో సర్ది బుట్టలో పెట్టింది. తనకు పనివేళ అయినందున ఆమె పార్కుకు వెళ్లిపోవలసి ఉన్నది. అవ్వ నిన్న కట్టుకున్న చీరతోనే గోడకు ఆనుకొని కూర్చున్నది. బుట్టలో ఏమేమి పెట్టినదీ అడగలేదు. వక్కాకు మరిచిపోకుమని కూడా చెప్పలేదు. ప్రతి ఏడూ ఆ మాటను పదిసార్లు చెప్పేది ఆమే.

నాన్న బుట్ట ఎత్తుకొని గడప దాటాడు.

నయన కట్టెల గూటి దగ్గరకు వెళ్లింది. చేయి లోపలికి పెట్టి గుడ్డను లాగింది. మరకలు నల్లబడి, గుడ్డ గట్టిపడి ఉన్నది. దానిని తెచ్చి అందరి మధ్యా నిలబడింది.

"నాయనా, అవ్వ మర్చిపోలేదు. మూట కొక్కేనికే ఉండె. నేను తీసినా."

నాన్న వెనుదిరిగాడు. నయన మిగిలినదంతా చెప్పింది. ధనుశ్రీ మఫిన్ల గురించి, బడిలో నవ్వు గురించి, సగం అనుకొని అన్నీ వేసిన సంగతి, పచ్చరంగు, కాలువ, కాకి. చెబుతున్నకొద్దీ గొంతు చిన్నదైపోయింది. నాన్న బుట్ట కింద పెట్టాడు. ఆయన చేయి పైకి లేచింది. తరువాత దేనికి లేచిందో మరిచినట్లుగా, ఆ చేతితోనే తన ముఖం తుడుచుకున్నాడు. అమ్మ తలుపుకు ఆనుకున్నది. అమ్మ కళ్లలోకి చూడడానికి నయనకు ధైర్యం చాలలేదు.

అవ్వ గుడ్డను అందుకున్నది. మడతలు విప్పి చూసింది. ఆమె పండ్ల గురించి అడగలేదు.

"కొక్కేనికే గదా ఉండె?"

"ఊ, అవ్వా. కొక్కేనికే. రెండు ముడులు ఏసిండావు."

"రెండే. నేనెప్పుడూ రెండే ఏస్తా," అన్నది అవ్వ.

ఆమె గోడ పట్టుకొని లేచింది. ముఖం కడుక్కున్నది. పెట్టెలో నుంచి ఉతికిన చీర తీసి కట్టుకున్నది. చెప్పులు వేసుకున్నది. అంతసేపూ నయన వైపు తిరగలేదు. నాన్న బుట్ట ఎత్తుకోబోతే, దానిని తనకు ఇమ్మని చేయి చాపింది. నాన్న ఇచ్చాడు.

గడప దగ్గర ఆగి, వెనక్కు చూడకుండానే అన్నది: "పాప కూడా రావల్ల."

పార్కు గేటు దగ్గర నాన్నతో కలిసి పనిచేసే చిక్కన్న ఉన్నాడు. అనుమతి కాగితంలో ఇంటివారందరి పేర్లూ ఉన్నాయి. ఆయన కాగితం చూసి గేటు తెరిచాడు. లోపలికి వచ్చినవారిని విడిచి ఉండకూడదన్న నియమం ఉన్నందున, కాస్త దూరంగా వారి వెనుకనే నడిచాడు.

లోపల మట్టిదారి తప్ప అన్నీ పలకలే. కుడివైపు చూసినా, ఎడమవైపు చూసినా ఒకటే. పలకల సందుల నుంచి గాలి ఈల వేసినట్లు వస్తున్నది. అవ్వ ముందు నడిచింది. ఒక మలుపు దగ్గర ఆగింది. కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. నాన్న నోరు తెరవబోయి, మానుకున్నాడు. చాలాసేపటి తరువాత అవ్వ ఎడమవైపుకు తిరిగింది.

అది సరైన దారే. రెండు వరుసల మధ్య, ఒక మంచం పట్టేటంత జాగాలో తాత రాయి ఉన్నది. పక్కనున్న పలక నీడ దాని మీద పడుతున్నది.

నాన్న చుట్టూ గడ్డి పీకి శుభ్రం చేశాడు. అవ్వ రాయిని నీళ్లతో కడిగి, పసుపు కుంకుమ పెట్టింది. ఆకు పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా చిన్న రాళ్లు పెట్టింది. ఒక్కొక్కటే వడ్డిస్తూ, ఏది ఏమిటో పైకి చెప్పింది. భర్త పేరు ఆమె ఎన్నడూ పలకదు.

"ఇదో, సంగటి. ఇది ఊరుబిండి. కారం కొంచెం ఎక్కువే ఏసింది నీ కోడలు. ఇదో, వక్కాకు."

ఆకు మీద ఒక మూల ఖాళీగా ఉన్నది. అవ్వ ఆ మూలలో ఏమీ పెట్టలేదు. మిగతా తిండిని అటువైపుకు జరపనూ లేదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి, నయన వైపు చూసింది. నిన్నటి నుంచి ఆమె నయనను సరిగా చూడడం అదే మొదలు.

"ఈడ ఏందుండల్లో, ఎందుకు లేదో, మీ తాతకు నువ్వే చెప్పు."

నయన రాయి ముందు మోకరిల్లింది. ఎన్నడూ చూడని మనిషితో ఎట్లా మాట్లాడాలో ఆమెకు తెలియలేదు. రాయి మీద తడి ఇంకా ఆరలేదు. నాన్న తల వంచుకొని నిలబడ్డాడు. కొంచెం దూరంలో చిక్కన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తాతా, ఈడ కలివిపండ్లు ఉండాల," అన్నది నయన. "అవ్వ తెచ్చింది. గుట్ట ఎక్కి తెచ్చింది. నేను ఎత్తుకున్నా. అడిగితే చూడలేదని అబద్ధం చెప్పినా."

గాలి ఆ మాటలను పలకల కిందికి లాక్కుపోయింది.

అవ్వ కొంతసేపు వేచి చూసింది.

"ఇంకొంచెం గట్టిగా చెప్పు, పాపా. ఈ గాలికి వినపడదు."

నయన కళ్లు తుడుచుకున్నది. నాన్నకూ, దూరాన ఉన్న చిక్కన్నకూ కూడా వినిపించేటంత గట్టిగా, ఒక్క మాట కూడా తగ్గించకుండా, మళ్లీ చెప్పింది.